రథం దిగిన మనిషి

ప్రభువునందు ప్రియమైన సంఘ పెద్దలకు, సండేస్కూలు ఉపాధ్యాయులకు, స్త్రీల సమాజం తల్లులకు, వెనుక చాపల మీద సర్దుకొని కూర్చున్న యౌవనస్థులకు వందనాలు. వాన పడుతున్నా ఇంతమంది వచ్చారు. దేవునికి స్తోత్రం.

నాకు ఇచ్చిన అంశం దీనమనస్సు, లోబడుట. నలభై ఏళ్ల పరిచర్యలో ఈ అంశం మీద చాలాసార్లు మాట్లాడాను. ఈ సాయంత్రం మీ ముందు ఒక సంగతి ఒప్పుకొని మొదలుపెట్టాలి. చాలా ఏళ్లు నేను దీన్ని చెప్పవలసినవాళ్లకు చెప్పలేదు. అప్పటికే తల వంచుకొని బతుకుతున్నవాళ్లను చూసి తల వంచమన్నాను. కోడలికి చెప్పాను, అత్తగారికి చెప్పలేదు. పాలేరుకు చెప్పాను, ఆసామికి చెప్పలేదు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్న కుర్రవాడికి చెప్పాను, ముందు వరుసలో కుర్చీ వేయించుకునే పెద్దకు చెప్పలేదు. నేను పట్టుకెళ్లిన వాక్యం మంచిదే. పట్టుకెళ్లిన ఇల్లే తప్పు.

మన తెలుగులో అణకువ అనే మాట ఉంది, అణచివేత అనే మాటా ఉంది. రెండూ ఒక తల్లి పిల్లలే. ఒకటి అణగు నుంచి వచ్చింది, ఇంకొకటి అణచు నుంచి. అణకువ మనిషి తనంతట తాను తెచ్చుకునేది. అణచివేత ఒకరు ఇంకొకరికి చేసేది. సంఘంలో చాలాసార్లు ఒకదాని పేరుతో ఇంకొకటి నడిచిపోయింది. దెబ్బ తిన్న మనిషి ఎదురు చెప్పకుండా నిలబడితే "ఎంత తగ్గింపో చూడండి" అని మెచ్చుకున్నాం. ఆ మనిషి గుండెలో ఉన్నది దీనమనస్సో, భయమో దగ్గర కూర్చొని అడిగినవాళ్లం ఎంతమందిమి?

అందుకని ఈ పూట పైనున్న మనిషి కథ చెబుతాను. రెండవ రాజుల గ్రంథం ఐదో అధ్యాయం తెరవండి. నయమాను కథ.

సండేస్కూలు టీచర్లకు ఇది కంఠస్థం. యొర్దానులో మునకలు లెక్కపెట్టే చోటికి రాగానే పిల్లలంతా గొంతెత్తి ఒకటి, రెండు, మూడు అంటూ ఏడు దాకా అరుస్తారు. ఏడో మునకతో కుష్ఠు పోతుంది, కథ అయిపోతుంది, పిల్లలకు బిళ్లలు పంచుతాం. కానీ గ్రంథంలో కథ అక్కడ ఆగదు. దాని తరువాత ఒక చిన్న సంగతి ఉంది, ఒక్క వచనం. ఏళ్ల తరబడి చదువుతూ నేను దాన్ని చూడలేదు. అక్కడికి మిమ్మల్ని తీసుకెళ్లాలనే వచ్చాను. అయితే మొదటి నుంచి నడవాలి.

నయమాను సిరియా రాజు సైన్యాధిపతి. మొదటి వచనం అతని గొప్పలన్నీ వరుసగా చెప్పి, చివర "అయితే అతడు కుష్ఠరోగి" అంటుంది. అతని ఇంట్లో ఒక చిన్నపిల్ల పనిచేస్తోంది. సిరియా దండు ఇశ్రాయేలు మీద పడి ఎత్తుకొచ్చిన పిల్ల. పేరు రాయలేదు. ఆమె తన యజమానురాలితో, షోమ్రోనులో ఉన్న ప్రవక్త దగ్గరికి మా ఏలినవాడు వెళితే ఎంత బాగుండును, ఆయన బాగుచేస్తాడు అంటుంది.

ఈ పిల్లను చూపించి, దాసులు ఇలా ఉండాలి అని చెప్పిన ప్రసంగాలు విన్నాను. నేనూ చేశాను. ఇక చేయను. ఆ పిల్లకు జరిగింది అన్యాయం. కన్నవాళ్ల నుంచి వేరుచేసి తెచ్చారు. అంత అన్యాయం మధ్యన ఆమె నోట దయగల మాట వచ్చిందంటే అది దేవుని కృప. ఆ కృపను చూపించి, ఎత్తుకొచ్చినవాడి పని తేలిక చేయకూడదు.

నయమాను ఆ మాట విన్నాడు. అది మంచిదే. కానీ విన్న తరువాత ఎక్కడికి వెళ్లాడో చూడండి. పిల్ల చెప్పింది ప్రవక్త దగ్గరికి వెళ్లమని. ఈయన వెళ్లింది రాజు దగ్గరికి. సిరియా రాజు ఇశ్రాయేలు రాజుకు ఉత్తరం రాసిచ్చాడు. నయమాను వెంట పది తలాంతుల వెండి, ఆరువేల తులాల బంగారం, పది జతల బట్టలు. నేటి తూకంలో పండితులు వెండిని సుమారు 340 కిలోలు అంటారు, బంగారాన్ని సుమారు 68 కిలోలు. ఒక పనిపిల్ల ఉచితంగా చెప్పిన మాటను ఇతడు సిఫారసు ఉత్తరంగా, బళ్లకెత్తిన సొమ్ముగా మార్చుకున్నాడు. ఇశ్రాయేలు రాజు ఆ ఉత్తరం చదివి, ఇది కయ్యానికి కాలు దువ్వడమే అనుకొని బట్టలు చింపుకున్నాడు. పనిపిల్లకు తెలిసిన సంగతి ఇద్దరు రాజులకూ తెలియలేదు.

ఇప్పుడు తొమ్మిదో వచనం. నయమాను గుర్రాలతో, రథంతో వచ్చి ఆ ప్రవక్త ఎలీషా ఇంటి ద్వారం ముందు నిలిచాడు. ఈ బొమ్మను మనసులో గట్టిగా పట్టుకోండి, మళ్లీ పని పడుతుంది. గుర్రాలు, రథం, గుమ్మం. అతడు లోపలికి వెళ్లలేదు. బయటికి రమ్మన్నట్టు నిలిచాడు. ఎలీషా రాలేదు. మనిషి చేత మాట పంపాడు: వెళ్లి యొర్దానులో ఏడుసార్లు స్నానం చెయ్యి.

నయమానుకు కోపం వచ్చింది. పదకొండో వచనంలో ఒక మాట కింద గీత గీసుకోండి: "నేననుకొంటిని." ఆయన బయటికి వస్తాడు, నా ఎదుట నిలబడతాడు, తన దేవుని పేరు పలుకుతాడు, చెయ్యి ఆడిస్తాడు, రోగం పోతుంది అనుకున్నాడు. బాగుపడాలని వచ్చిన మనిషే. కానీ ఎలా బాగుపడాలో ముందే ఏర్పాటు చేసుకొని వచ్చాడు. వైద్యం మాత్రం దేవునిది కావాలి, మర్యాద మాత్రం తనకు తగినట్టు జరగాలి.

నా "అనుకొంటిని" గురించి ఇక్కడ చెప్పాలి.

వేదాంత కళాశాల నుంచి వచ్చిన కొత్తలో నన్ను ఒక పల్లెటూరి సంఘానికి పంపారు. గుడి చుట్టూ కొన్ని డాబా ఇళ్లు, ఉద్యోగస్థులవి. ఊరి చివర కాలువకట్ట మీద కూలి పనులకు వెళ్లేవాళ్ల గుడిసెలు. గుడి ఊడ్చి, చాపలు పరిచి, గంట కొట్టే పెద్దాయన ఒకరు ఆ కట్ట మీదే ఉండేవాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ వెళ్లిపోయాక, చాపలు చుడుతూ నాతో అన్నాడు: "అయ్యగారూ, తప్పుగా అనుకోకండి. డాబా ఇళ్లకు వస్తే మీరు కూర్చొని ప్రార్థన చేస్తారు. కట్ట మీదికి వస్తే నిలబడి చేస్తారు."

అంతే అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటి నా మనసును ఇప్పుడు తరచి చూసుకుంటే అందులో నయమాను మాటే ఉంది. నన్ను దిద్దవలసి వస్తే బిషప్పుగారు దిద్దుతారు, నాకు పాఠం చెప్పిన గురువులు దిద్దుతారు, గదిలోకి పిలిచి గౌరవంగా చెబుతారు అనుకొంటిని. చాపలు చుట్టే చేతుల నుంచి దేవుని మాట వస్తుందనుకోలేదు. "ప్రార్థన నిలబడి చేసినా కూర్చొని చేసినా దేవుడు వింటాడు" అన్నాను. "చిత్తం అయ్యగారూ" అని ఆయన చాపలు మూలన పెట్టి, తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.

తరువాత ఆదివారం నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. సంఖ్యాకాండం పన్నెండో అధ్యాయం తీసి, దేవుని సేవకుడైన మోషే మీద సణిగిన అతని అక్క మిర్యాముకు కుష్ఠు ఎలా వచ్చిందో ప్రసంగించాను. ఎవరిని చూస్తూ ప్రసంగించానో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అదే అధ్యాయం మూడో వచనంలో మోషే భూమి మీద ఉన్న వారందరిలో మిక్కిలి సాత్వికుడని ఉంది. ఆ వచనం బయటికి చదివాను కూడా. చదివి దాటిపోయాను.

పాస్టర్లు ఇక్కడ కొందరు కూర్చున్నారు. అన్నలారా, బలిపీఠం మనకు ఇచ్చింది వాక్యం చెప్పడానికి. మన మీద మాట అన్నవాళ్లకు అక్కడి నుంచి జవాబు చెప్పడం దొంగతనం. ఎదుటి మనిషికి తిరిగి మాట్లాడే వీలు లేని చోట నుంచి కొట్టడం అది. నేను చేశాను కాబట్టి చెబుతున్నాను.

మళ్లీ నయమాను దగ్గరికి వద్దాం. దమస్కు నదులైన అబానా, ఫర్పరు ఇశ్రాయేలు నీళ్లన్నిటికంటే మంచివి కావా అన్నాడు. నిజమే అన్నాడు, అబద్ధం కాదు. అబానా అంటే నేటి బరదా నది అని చెబుతారు. కొండల్లో పుట్టి దమస్కు తోటలకు నీళ్లిచ్చే నది అది. యొర్దాను చాలా చోట్ల బురదతో వంకర్లు తిరుగుతూ పోయే నది. నీళ్ల నాణ్యం చూస్తే నయమానుదే గెలుపు. కానీ దేవుడు అతన్ని నీళ్లు బేరీజు వేయమని అడగలేదు.

అప్పుడు అతని దాసులు దగ్గరికి వచ్చారు. కోపంతో ఉన్న సైన్యాధిపతి దగ్గరికి వెళ్లడానికి ఎంత ధైర్యం కావాలో మనకు తెలియదు, వాళ్లకు తెలుసు. హెబ్రీ మూలంలో వాళ్లు అతన్ని "నా తండ్రీ" అని పిలుస్తారు. ఆ ప్రవక్త ఏదైనా గొప్ప పని చెప్పి ఉంటే మీరు చేయకపోయేవారా అని అడుగుతారు. యజమాని రోగం అతని చర్మంలో లేదని, గొప్ప పనే కావాలనే ఆశలో ఉందని వాళ్లు కనిపెట్టారు. గొప్ప పని చెబితే నయమాను చేసేవాడే. నలభై రోజులు ఉపవాసం ఉండమంటే ఉండేవాడు. పర్వతం ఎక్కమంటే ఎక్కేవాడు. మనలోనూ చాలామందిమి సంఘం కోసం పెద్ద పనులు చేస్తాం. గుడి కట్టిస్తాం, క్రిస్మస్‌కు ఊరంతటికీ భోజనాలు పెడతాం. "నిన్న మీరు ఆ మాట అనకుండా ఉండవలసింది" అని ఇంట్లో పిల్లవాడు అంటే మాత్రం తట్టుకోలేం.

నయమాను ఆ మాట విని దిగాడు. పద్నాలుగో వచనంలో అతడు "దిగి" వెళ్లాడని హెబ్రీలో ఉన్న క్రియ, యొర్దాను అనే నది పేరు, రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయని పండితులు చెబుతారు. దిగిపోయే నది అది. షోమ్రోను కొండ మీది ఊరు. అక్కడి నుంచి యొర్దాను లోయకు రావాలంటే సముద్రమట్టం కంటే 200 మీటర్లకు పైగా కిందికి రావాలి. దారి పొడవునా దిగుడే.

ఇంకొకటి. మునిగి లేచాక అతని దేహం పసిపిల్ల దేహంలా అయిందని ఉంది. రెండో వచనంలో ఆ చెరపట్టిన పిల్లకు వాడిన హెబ్రీ మాట "చిన్న పిల్ల". ఇక్కడ "చిన్న పిల్లవాడు". అదే మాట, మగవాడికి వాడిన రూపం. ఎవరి మాట విని బయలుదేరాడో చివరికి ఆమెలా అయ్యాడని గ్రంథకర్త ఎంత మెల్లగా చెప్పాడో చూడండి. ఇది మొదటిసారి గమనించిన రోజు నేను పుస్తకం మూసేసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

మన సంఘాల చరిత్రలో ఇలాంటి ద్వారం ఒకటి ఉంది. ఒంగోలు. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, ఆయన భార్య అక్కడికి వచ్చారు. ఊళ్లో పెద్ద కులాల పిల్లలు మిషను బడికి వస్తున్నారు. ఇంగ్లీషు చదువు మీద ఆసక్తి ఉంది, పెద్దలతో స్నేహం పెరుగుతోంది. పై కులాలవాళ్లు ముందు క్రైస్తవులైతే తక్కినవాళ్లు వెంట వస్తారని ఆ కాలంలో చాలామంది మిషనరీలు లెక్కవేసుకున్నారు. అదే సమయంలో తాళ్లకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య వచ్చాడు. మాదిగ, తోళ్ల వ్యాపారి. సత్యం కోసం గురువుల దగ్గర తిరిగి తిరిగి చివరకు క్రీస్తును అంగీకరించినవాడు. తన ఊరికి రమ్మని పిలిచాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మంది సభ్యులతో ఏర్పడింది. ఆ నెలలోనే క్లౌ తాళ్లకొండపాడు వెళ్లి 28 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

ఊళ్లో పెద్దలు వచ్చి, వీళ్లను చేర్చుకుంటే మా పిల్లలను మానిపిస్తాం అన్నారు. దంపతులకు ఏమీ తోచలేదు. ఆ సాయంత్రం ఆయన ఒక చోట, ఆమె ఒక చోట, ఒకరికొకరు చెప్పుకోకుండా గ్రంథం తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో ఒకే భాగం ఎదురైందని వాళ్లు తరువాత సాక్ష్యం చెప్పారు. మీలో లోకరీతిగా జ్ఞానులు, ఘనులు అనేకులు పిలువబడలేదు, నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడు అనే భాగం. మరునాడు వాళ్లు జవాబు చెప్పారు. పేరయ్యను వదులుకోలేదు. పై కులాల పిల్లలు బడి మానేశారు.

ఈ కథను మనం మామూలుగా ఎలా చెబుతామంటే, మిషనరీలు మన తాతముత్తాతల మీద దయ చూపించారని చెబుతాం. నాకు అలా కనిపించదు. ఆ రోజు రథం దిగవలసినవాడు క్లౌ. చదువుకున్న దొర, కలెక్టర్లతో మాట్లాడగలవాడు, ఊరి పెద్దల స్నేహం చేతికి అందబోతున్నవాడు. ఆ స్నేహం వదులుకొని తోళ్ల వ్యాపారి చెయ్యి పట్టుకొని, అతని ఊరి దారిలో, అతని బంధువుల ఇళ్లకు, అతను చూపినట్టు నడవాలి. పేరయ్య అప్పటికే దిగువన ఉన్నాడు, ఇంకా దిగమని దేవుడు అతన్ని అడగలేదు. అతన్ని లేపి నిలబెట్టాడు, ఊరూరా తిరిగే సాక్షిగా చేశాడు.

తరువాత 1876 నుంచి 1878 వరకు కరువు. జనాన్ని బతికించడానికి క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకున్నారు. ఆకలితో వచ్చినవాళ్లకు కరువు పని నడిచినంత కాలం బాప్తిస్మం ఇవ్వలేదు, గింజల కోసం చేరారనే మాట రాకూడదని. కరువు పని ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఏ నదిలో? గోదావరి కాదు, కృష్ణ కాదు. గుండ్లకమ్మ. నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, వేసవిలో ఇసుక మేటలు కనిపించే చిన్న ఏరు. ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఉంటే ఆ వంతెన దాటేటప్పుడు ఒక్కసారి కిందికి చూడండి. మన యొర్దాను అది.

ఇప్పుడు లోబడుట గురించి. ఈ మాటను జాగ్రత్తగా పట్టుకోవాలి. మన సంఘాల్లో ఈ మాట వల్ల ఆడపిల్లలు చనిపోయారు. మెత్తగా చెప్పే మాట కాదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. భర్త కొట్టి పంపితే ఏడుస్తూ పాస్టరమ్మ దగ్గరికి వచ్చిన బిడ్డకు ఎఫెసీయుల పత్రిక ఐదో అధ్యాయం ఇరవై రెండో వచనం చదివి అదే ఇంటికి పంపాం. దాని ముందే ఇరవై ఒకటో వచనం ఉంది. క్రీస్తునందలి భయముతో ఒకనికొకడు లోబడియుండుడి. ఆ మాట చెప్పాకే అపొస్తలుడు భార్య సంగతి ఎత్తాడు. ఆ వెంటనే, సంఘం కోసం క్రీస్తు తన్ను తాను అప్పగించుకున్నట్టు ప్రేమించమని భర్తకు మూడింతలు ఎక్కువ చెప్పాడు. కొట్టే భర్త చేతికి లోబడమని ఈ గ్రంథంలో ఎక్కడా లేదు. 2005లో ఈ దేశంలో గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం వచ్చింది. అటువంటి బిడ్డ మీ గుమ్మంలోకి వస్తే లోపలికి తీసుకోండి, అన్నం పెట్టండి, ఆ చట్టం దగ్గరికి మీరే వెంట తీసుకెళ్లండి. స్త్రీల సమాజం తల్లులారా, ఇది మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను.

ప్రభువు లోబడిన తీరు చూడండి. యోహాను పదమూడో అధ్యాయం. తండ్రి తన చేతికి సమస్తం అప్పగించాడని ఎరిగి, అని మొదట ఉంది. ఎరిగిన తరువాతే భోజనపంక్తిలో నుంచి లేచాడు, పైవస్త్రం తీసి పక్కన పెట్టాడు, తువాలు నడుముకు కట్టుకున్నాడు. చేతిలో సమస్తం ఉన్నవాడు పళ్లెంలో నీళ్లు పోసి వంగాడు. తనను శత్రువులకు అప్పగించబోయే యూదా కాళ్లు కూడా కడిగాడు, అతడు అప్పుడు ఇంకా ఆ గదిలోనే ఉన్నాడు. పేతురు మాత్రం ఒప్పుకోలేదు, నా కాళ్లు నీవు ఎన్నడూ కడగరాదు అన్నాడు. అది వినయంలా వినిపిస్తుంది. కానీ అది కూడా ఒక "అనుకొంటిని". గురువు ఎక్కడ ఉండాలో శిష్యుడు నిర్ణయిస్తున్నాడు. సేవ చేయడం కంటే సేవ చేయించుకోవడం పేతురుకు కష్టమైంది. మంచాన పడిన పెద్దవాళ్లకు ఇది బాగా తెలుసు. జీవితమంతా అందరికీ వండిపెట్టిన తల్లి, ఇప్పుడు కోడలు తన కాళ్లు కడుగుతుంటే ఎంత యాతన పడుతుందో మీలో చాలామంది చూసే ఉంటారు.

పేతురు ఆ తువాలును మరిచిపోలేదు. ముసలితనంలో సంఘ పెద్దలకు, యౌవనస్థులకు ఉత్తరం రాస్తూ, మీరందరు ఎదుటివాని యెడల దీనమనస్సు అను వస్త్రము ధరించుకొనుడి అన్నాడు. ఆ గ్రీకు మాటలో పనివాడు నడుముకు ముడివేసుకునే గుడ్డ అనే భావం ఉంది. తన కాళ్ల దగ్గర వంగిన ప్రభువు నడుము చూసిన మనిషే ఆ మాట ఎంచుకోగలడు. "మీరందరు" అన్నాడు గమనించండి. పెద్దలకు వేరే బట్టలు లేవు.

కట్ట మీది పెద్దాయన సంగతి సగంలో వదిలేశాను. ఆ ఏడు తుపానులో ఆయన భార్యకు జ్వరం ఎక్కువైందని కబురు వచ్చింది. వెళ్లాను. గుడిసెలో ఒక పక్క కారుతోంది, సత్తు గిన్నె పెట్టారు, నీటి చుక్క పడినప్పుడల్లా చప్పుడు. ఆమె నులక మంచం మీద పడుకొని ఉంది. నన్ను చూసి కాళ్లు ముడుచుకొని చోటు చేసింది. పెద్దాయన భుజం మీది తుండు తీసి, మంచం పట్టె తుడిచి, ఆ తుండే పరిచాడు. కూర్చోమని అనలేదు. గుమ్మం దగ్గర నిలబడి ప్రార్థన చేసి వెళ్లిపోయే వీలు ఇంకా నాకు ఉంది.

కూర్చున్నాను. ఆ తుండు తడిగా ఉంది. ఆమె చెయ్యి పట్టుకొని ప్రార్థన చేశాను. ఎవరో స్టీలు గ్లాసులో టీ తెచ్చారు, తాగాను. లేచే ముందు, మిర్యాము ప్రసంగం గురించి క్షమించమని ఆయనను అడిగాను. "ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయాను అయ్యగారూ" అంటాడనుకొంటిని. చూశారా, మళ్లీ అదే మాట. ఆయన అలా అనలేదు. "అవునయ్యగారూ, ఆ రోజు నేను ఇంటికి వచ్చి అన్నం తినలేదు" అన్నాడు. కొంచెంసేపు ఊరుకొని, "మీరు అడిగారు. చాలు" అన్నాడు. పై నుంచి వచ్చిన మనిషి క్షమాపణ అడిగితే కింద ఉన్న మనిషి వెంటనే నవ్వి తేలిక చేయాలని మనం ఎదురుచూస్తాం. ఆయన తేలిక చేయలేదు. నా పాపం ఎంత బరువో అంతే బరువుతో నా చేతికి ఇచ్చి, తరువాత క్షమించాడు. నాకు ఏ బిషప్పుగారూ అంత మేలు చేయలేదు.

పెద్దలారా, ఈ కూటాలు ముగిసి మీ మీ ఊళ్లకు వెళ్లాక ఒక్క పని చేయండి. మీ సంఘంలో ఎవరి మాట ఇంతవరకు మీటింగులో వినపడలేదో వాళ్లను అడగండి, మా గురించి మీకు ఏమనిపిస్తుంది అని. అడిగాక జవాబు చెప్పకండి. వినండి. ఆ రాత్రి మీకు నిద్ర పట్టకపోవచ్చు, పట్టకపోయినా ఫరవాలేదు.

ఇక మొదట చెప్పిన ఆ వచనం. నయమాను శుద్ధుడై ఎలీషా దగ్గరికి తిరిగి వచ్చాడు. కానుక ఇవ్వబోతే ప్రవక్త తీసుకోలేదు. సెలవు తీసుకొని బయలుదేరాడు. ఇంతలో ఎలీషా పనివాడు గేహజీకి ఆశ పుట్టింది. ఆ వెండిలో కొంతైనా దక్కించుకోవాలని రథం వెనుక పరుగెత్తాడు. అబద్ధం చెప్పడానికి పరుగెడుతున్నాడు, అది వేరే విషాదం, దాని ఫలితం అతడు అనుభవించాడు. నయమానుకు అదేమీ తెలియదు. అతనికి కనిపించింది, దుమ్ములో తన వెనుక పరుగెత్తుకొస్తున్న ఒక పనివాడు.

మొదట ఇదే మనిషి ప్రవక్త గుమ్మం ముందు రథంతో నిలిచి, ప్రవక్తే బయటికి రావాలనుకున్నాడు. పనివాడు మాట తెస్తే కోపంతో తిరిగిపోయాడు. ఇప్పుడు ఇరవై ఒకటో వచనం చూడండి. వెనుక పనివాడు వస్తున్నాడని చూడగానే నయమాను రథం మీద నుంచి దిగాడు. దిగమని ఎవరూ చెప్పలేదు. కూర్చొనే, పగ్గాలు ఆపి, ఏమిటి అని అడగవచ్చు. దిగి, అతనికి ఎదురువెళ్లి, "క్షేమమా?" అని అడిగాడు.

ప్రార్థన చేసుకుందాం. మోకరించగలిగినవాళ్లు మోకరించండి, పెద్దవాళ్లు కూర్చొనే ఉండండి.